మా ఫ్రిజ్‌కు సోమవారం

పాత ఫ్రిజ్‌ను బాగు చేయించుకోవాలా, కొత్తది కొనాలా అని ఎవరైనా అడిగితే నేనిప్పుడు తడుముకోకుండా చెప్పగలను. పది పన్నెండేళ్లు దానివైపు చూడాల్సిన పని ఉండదు. పదిహేను దాటిందంటే ఆపైన నడిచినంత కాలం దాని దయ. తలుపు రబ్బరు వదులైతే కొత్తది వేయించుకోవచ్చు. గ్యాస్ ఒకసారి పోతే నింపించుకోవచ్చు. నింపించిన ఏడాదిలోనే మళ్లీ పోతే లోపలెక్కడో చిల్లు పడినట్టు. మోటారు రాత్రింబవళ్లు ఆగకుండా తిరుగుతూ, పక్క రేకులు చేయి పెట్టలేనంత కాలుతూ, లోపల పాలు మాత్రం విరిగిపోతుంటే దాని పని అయిపోయినట్టే. ఇవన్నీ అవసరం పడి నేర్చుకున్నవి. ఇంట్లోంచి దాన్ని ఎలా సాగనంపాలన్నది మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు. నేర్పాల్సిన మనిషి నోరు నేనే మూయించాను.

ఆ మనిషి మా అత్తగారు.

ఆమెది న్యాల్‌కల్ అవతలి పల్లె. గట్టు దాటితే కర్ణాటక. ఆ వైపు సోమవారం నాడు ఎద్దు మెడ మీద కాడి పెట్టరు. అది బసవన్న రోజు. వాన పడి అదును దాటిపోతున్నా సరే, సోమవారం ఎడ్లు కొట్టంలోనే ఉంటాయి. కడిగి, నొసట విభూతి పెట్టి, నానబెట్టిన శనగలు పెడతారు. మా అత్తగారు ఆ రోజు ఒక్కపొద్దు ఉండి, ఎడ్ల ముందు గంప దించాకే తను తినేవారట.

మా మామగారికి మోకాళ్లు పట్టేశాయి. పొలం కౌలుకిచ్చి అందరం జహీరాబాద్‌కు వచ్చేశాం. మా ఆయన విత్తనాల దుకాణం అప్పటికే ఇక్కడ నడుస్తోంది. పట్నంలో ఎడ్లకు కొట్టమెక్కడిది? మామగారు వాటిని అంగడికి తోలుకెళ్లి అమ్మేశారు. దగ్గరలో ఆ అంగడి జరిగేది సోమవారం. వేరే దారి లేక సోమవారమే తోలుకెళ్లారు, అదీ బండికి కట్టి. బండి కూడా అక్కడే అమ్మాలి గనుక. వచ్చిన డబ్బులతో భార్య సంతోషిస్తుందని ఒక ఫ్రిజ్ తెచ్చారు. ఎర్రటిది, ఒంటి తలుపుది. ఎండాకాలం చల్లని నీళ్లు తాగుతావే అన్నారు.

ఆమె దాని దగ్గరకే పోలేదు. మొదటి సోమవారం వచ్చేదాకా.

ఆ రోజు నేను వంటింట్లో ఉన్నాను. ఆమె తలంటుకుని, తడి చీరతోనే వచ్చి గోడకున్న బటన్ నొక్కేశారు. మోటారు ఒక్కసారి వణికి ఆగింది. మామగారు అరుగు మీద నుంచి కేకేశారు.

"ఏందే, కరెంటు పోయిందా?"

"పోలే. నేనే బంజేసిన. ఇయ్యాల సోమవారం."

"ఫ్రిజ్జుకు సోమవారమేందే? నీకేమన్న పిచ్చి లేసిందా?"

"ఎడ్లకు లేకుండెనా? వాటినిచ్చే గదా దీన్ని తెచ్చినవు."

ఆమే మళ్లీ అన్నారు, కొంచెం మెల్లగా.

"నువ్వు సోమవారం నాడే బండి కట్టి తోలినవు. గది నాకు నెత్తి మీద ఉన్నది. దీనికన్న జర ఊపిరి తీసుకోనియ్యి."

నాకు లోలోపల నవ్వొచ్చింది. నేను కోహీర్ పిల్లను. మా నాన్న ప్రతి సాయంత్రం గుడి మండపంలో పురాణం చదివేవారు. పక్కన కూర్చుని పేజీలు తిప్పడంతో మొదలై, ఆయన గొంతు పోయాక నేనే చదివేదాన్ని. ఏది శాస్త్రం, ఏది ఊరి అలవాటు అని విడదీసి చూడటం నాకు చిన్నప్పుడే వచ్చింది. ఫ్రిజ్‌కు సోమవారం ఏ శాస్త్రంలోనూ లేదని నాకు తెలుసు.

అయినా ఏళ్లు గడిచేకొద్దీ ఆ సోమవారం నాకు ఇష్టమైపోయింది. ఆదివారం రాత్రికే ఆమె ఫ్రిజ్ ఖాళీ చేసేవారు. మర్నాడు ఇంటిల్లిపాదికీ ఒక్కపొద్దే గనుక దాచుకోవాల్సింది పెద్దగా ఉండేది కాదు. పెరుగు గిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టి తడి బట్ట చుట్టేవారు. కొత్తిమీర, కరివేపాకు కుండ అంచున ఆనించేవారు. పొద్దున బటన్ నొక్కాక మంచు అంతా కరిగి కింది ట్రేలోకి దిగేది. ఆ నీళ్లు తులసికి పోసి, లోపలంతా తుడిచి, తలుపు మీద మూడు వేళ్లతో విభూతి రాసేవారు. తలుపును కొద్దిగా తెరిచి వదిలేవారు, గాలాడాలని. ఏరువాక పున్నమి నాడు పిడికి పసుపుతాడు కూడా కట్టేవారు.

ఆ రోజు ఇంట్లో ఒక నిశ్శబ్దం ఉండేది. ఫ్రిజ్ చప్పుడు రోజూ వినబడుతూనే ఉంటుంది గనుక అది ఉన్నట్టు మనకు తెలియదు. ఆగినప్పుడే తెలుస్తుంది. లింగపూజకు కూర్చుంటే నా ఊపిరి నాకు వినిపించేది. నా మనసు జపం మీద నిలిచిన రోజులంటూ ఉంటే అవి ఆ సోమవారాలే. సాయంత్రం మా గల్లీ ఆడవాళ్లు పదిమంది దాకా భజనకు వచ్చేవారు. పాటలయ్యాక నేను పురాణం చదివి అర్థం చెప్పేదాన్ని. మంగళహారతి అయ్యాక అత్తగారు లేచి వెళ్లి బటన్ వేసేవారు. వాళ్లకది పెద్ద వేడుక.

"ఏమవ్వా, మీ ఫ్రిజ్జు ఒక్కపొద్దు ఇడిసిందా?"

"ఇడిసింది. నువ్వు ఇడిసినవా? పొద్దుగాల నీ ఇంట్ల మిర్చి బజ్జీల వాసన వచ్చె."

"అయ్యో, అవి పిల్లగాండ్లకు!"

"అవునవును. నీ మూతికి అంటింది మరి పిల్లగాండ్ల నూనెనా?"

మా అత్తగారికి చదువు రాదు. పురాణం ఆమెకు నా నోటి ద్వారానే తెలిసింది. గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని వినేవారు. నిద్రపోయారేమో అనుకునేంతలో ఒక ప్రశ్న వేసేవారు. ఆ ప్రశ్నలకు జవాబు వెతుక్కోవడానికి నేను మర్నాడు మళ్లీ పుస్తకం తీయాల్సి వచ్చేది. "శివుడు అంతటా ఉంటడని చదివితివి. మరి చెప్పులు కుట్టే ఆరెలో ఉంటడా?" అని అడిగేవారు. ఉంటాడు అత్తమ్మా అనేదాన్ని. "మరి గింత సూటిగ చెప్పనీకె గంత పుస్తకమెందుకు రాసిన్రు?" అనేవారు. అందరూ నవ్వేవారు. నాక్కూడా గర్వంగా ఉండేది. ఆమె నా మాటను నమ్మినట్టు మా ఇంట్లో మరెవరూ నమ్మలేదు.

మామగారు పోయారు. ఫ్రిజ్ ఉంది. పదేళ్లు దాటింది, పదిహేను దాటింది, ఇరవై కూడా దాటింది. అంచుల్లో తుప్పు పట్టింది. లోపలి గుడ్ల అర విరిగితే తీసేశాం, మా ఇంట్లో ఎలాగూ గుడ్లు తేరు. తలుపు రబ్బరు రెండుసార్లు మారింది. బాగు చేయడానికి వచ్చే మెకానిక్ మా గల్లీ చివర ఉండే సాయిబు. అతను వచ్చినప్పుడల్లా దానికి సలాం చేసి గానీ పెట్టె తెరిచేవాడు కాదు.

"అవ్వా, నేను పని నేర్చుకున్నప్పటి ఫ్రిజ్జులు అన్ని పోయినయి. నీదొక్కటే నడుస్తున్నది. ఏం తినిపిస్తున్నవు?"

"సోమవారం ఛుట్టీ ఇస్త. నీ లెక్క మోటరు అరిగేదాంక తిప్పను."

"మరి నాకెవరిస్తరవ్వా ఛుట్టీ? జుమ్మా నాడు నమాజుల ఉన్నప్పుడు కూడ మీ కోడలు ఫోన్ కొడ్తది."

"ఎత్తకు మరి. కరిగితే నీళ్లేనాయె."

అప్పటికి అది మాకు నవ్వుకునే సంగతే. ఆమెకు సూది మందు మొదలయ్యాక నవ్వు పోయింది.

చక్కెర జబ్బు ఆమెకు చాలాకాలంగా ఉంది. మాత్రలతో గడిచింది. తర్వాత దవాఖానలో ఇక మాత్రలు చాలవు, రోజూ సూది వేసుకోవాలన్నారు. మందు చల్లగా ఉండాలి, గడ్డ కట్టకూడదు, వేడెక్కకూడదు అని చెప్పి పంపారు. ఆ చిన్న సీసాలు ఫ్రిజ్ తలుపు అరలో, కుంకుమ డబ్బా పక్కన చేరాయి. సోమవారం వస్తే ఏం చేయాలని నేను అడగకముందే ఆమె దారి చూసుకున్నారు. సీసాలను కవర్లో మూట కట్టి, మూత డబ్బాలో పెట్టి, డబ్బాను నీళ్ల కుండలో దించారు.

"కుండ చల్లగ లేదా? ఫ్రిజ్జు లేనోళ్లు బతుకుతలేరా?" అన్నారు.

చలికాలమంతా బాగానే గడిచింది. ఎండలు ముదిరాక ఫ్రిజ్‌కు ఓపిక పోయింది. సోమవారం రాత్రి బటన్ వేస్తే మంగళవారం సాయంత్రానికి గానీ చల్లబడేది కాదు. తర్వాత మంగళవారం కూడా చల్లబడటం మానేసింది. పై అరలో మంచు గడ్డ కట్టేది, కింద పెరుగు పులిసేది. అదే రోజుల్లో ఆమె కాలి బొటనవేలికి రాయి తగిలి చిన్న పుండు లేచింది. అది మానలేదు. పసుపు పెట్టారు, మానలేదు. దవాఖానకు తీసుకెళ్తే చక్కెర బాగా పెరిగి ఉందన్నారు.

"సూది రోజు వేస్తున్రా?" అని అడిగింది డాక్టరమ్మ.

"రోజు నేనే వేస్తున్న మేడం" అన్నాను.

"మందు ఎక్కడ పెడ్తున్రు? ఫ్రిజ్ మంచిగ చల్లగైతున్నదా?"

నేను మా అత్తగారి వైపు చూశాను. ఆమె పైకప్పు వైపు చూశారు.

"మందు వేడి తగిలి పాడైతే నీళ్లు ఎక్కించుకున్నట్టే. కాలు గిట్లనే ఉంటే వేలు తీసేయాల్సొస్తది. ముందుగాల ఫ్రిజ్ సంగతి చూడుండ్రి" అందామె.

సాయిబు వచ్చి వెనక రేకు విప్పి చాలాసేపు చూశాడు. ఆ రోజు సలాం చేయలేదు.

"గ్యాస్ లోపలి పైపులకెల్లి పోతున్నదమ్మా. ఆ పైపు గోడల ఉన్నది, అతుకు వేయరాదు. కంప్రెసర్ కూడ అలిసిపోయింది. పైసలు పెట్టి వేస్తే వేస్త, రెండు నెలలకు మళ్లొస్త. మందు పెట్టుకునేటోళ్లకు గిది పనికి రాదు."

"సోమవారం సోమవారం బంద్ చేసుడు వల్ల పోయిందా?" అని మా ఆయన అడిగారు.

"దాని వల్లనే ఇన్నేండ్లు మంచు పట్టక బతికిందో, దాని వల్లనే పోతున్నదో నాకు తెల్వదు భాయ్. అల్లాకు తెలుసు."

ఆ సాయంత్రమే మా ఆయన ఫ్రిజ్‌ల దుకాణంలో మాట్లాడి వచ్చారు. పాతది వాళ్లే తీసుకుపోతారు, కొత్తది తెచ్చి పెడతారు. మా అత్తగారు మంచం మీద కాలు చాపుకుని కూర్చున్నారు. పుండు మీద తెల్లటి కట్టు.

"తీస్కపోయి దాన్ని ఏం జేస్తరు?"

"ఏం జేస్తరమ్మా, ఇప్పుతరు. రేకు రేకుకు, రాగి రాగికి అమ్ముకుంటరు."

"అంటే కటికోనికి ఇచ్చినట్టే గదా."

"అమ్మా, నువ్వు జర..."

"కొత్తది తెచ్చుకోండ్రి, నేను వద్దంటలే. దీన్ని పెరట్ల రేకుల కింద పెట్టు. నేను దాన్ల కందిపప్పు పోసుకుంట. ముసలి ఎద్దును కొట్టంలనే ఉంచుతరు, సచ్చేదాంక గింత గడ్డి వేస్తరు. ఇది గడ్డి కూడ అడగదు."

పెరట్లో చోటు లేదన్నారు మా ఆయన. ఎలుకలు చేరతాయన్నారు. ఆమె ఆయన్ని వదిలి నా వైపు తిరిగారు.

"నువ్వు చెప్పు బిడ్డా. నువ్వు పురాణం చదివినదానివి. ఇంత పని చేసినదాన్ని ముసలిదైందని ఎల్లగొట్టుమని యాడన్న ఉన్నదా?"

నాకు ఆమె కాలు కనిపిస్తోంది. వేలు తీసేయాల్సి వస్తుందన్న మాట చెవుల్లో ఉంది. ఈ పెద్దావిడ ఇంకా ఒక రేకు డబ్బా గురించి బేరమాడుతోందే అని విసుగొచ్చింది. భజనలో జవాబు చెప్పే గొంతుతోనే చెప్పాను.

"అత్తమ్మా, పాపపుణ్యాలు ప్రాణం ఉన్నవాటికి. ఎడ్లు జీవాలు, వాటికి సోమవారం ఇచ్చిన్రు. ఇది ప్రాణం లేనిది. దీనికి నొప్పి లేదు, అలసట లేదు. మనం లేనిది ఉన్నదనుకుంటున్నం, అంతే."

ఎదురు ప్రశ్న వేస్తారని ఎదురుచూశాను. అంతటా శివుడున్నాడని చదివింది నువ్వే గదా, ఆరెలో ఉన్నోడు ఫ్రిజ్‌లో లేడా అని అడిగి ఉంటే నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న ఆమెకు తట్టకుండా ఉండదు. ఆమె అడగలేదు.

"నువ్వు చెప్తే గంతే ఉంటది" అన్నారు.

మా ఆయన ఊపిరి పీల్చుకున్నారు. నేనూ పీల్చుకున్నాను.

దుకాణం వాళ్ల బండి మంగళవారం వచ్చింది. సోమవారం వద్దని నేనే గట్టిగా చెప్పి మంగళవారం రమ్మన్నాను. అంతవరకు ఆమె కోసం చేశాననుకున్నాను. కానీ ఆ చివరి సోమవారం ఆమె ఫ్రిజ్ దగ్గరకు రాలేదు. తుడవలేదు, విభూతి రాయలేదు. అది రోజంతా కాలిపోతూ తిరుగుతూనే ఉంది. కాలు నొప్పేమో అనుకుని నేను కదిలించలేదు. ఆమెకు బదులు నేనైనా లేచి బటన్ నొక్కాలన్న ఆలోచన నాకు మంగళవారం గానీ రాలేదు.

వచ్చిన ఇద్దరూ దాన్ని అడ్డంగా వంచారు. ట్రేలో నిలిచిన నీళ్లు గడప మీద ఒలికాయి. ఆమె మంచం మీద నుంచే అన్నారు.

"నిలువుగ పట్టుండ్రి నాయనా. వంచితే లోపల నూనె అటిటు అయితది."

"ఎట్ల పట్టుకపోతే ఏందవ్వా, ఎట్లైన ఇప్పేదే గదా" అన్నాడు వాళ్లలో ఒకడు, నవ్వుతూ.

తలుపు పిడికి పోయిన ఏరువాకకు కట్టిన పసుపుతాడు ఇంకా ఉంది. విప్పుకుందామని నేను ముందుకు వెళ్లేలోపు వాళ్లు మలుపు తిరిగారు.

కొత్తది బూడిద రంగుది. రెండు తలుపులది. చప్పుడు తక్కువన్నారు, తక్కువే. మందు చల్లగా ఉంటోంది. నెలా రెండు నెలల్లో చక్కెర దిగింది, పుండు ఎండింది, వేలు నిలిచింది. డాక్టరమ్మ సంతోషించింది. ఫ్రిజ్ మార్చినందుకు నేను చింతించడం లేదు. మార్చాల్సిందే, ఇంకా ముందే మార్చాల్సింది. దాన్ని మార్చడానికి ఆమె దేవుణ్ణి అందులోంచి తీసేయాల్సిన పని లేదు, అదే నా బాధ. "అవునత్తమ్మా, అది మనకు చాకిరీ చేసింది. మందు కోసం పంపుదాం, దండం పెట్టి పంపుదాం" అంటే సరిపోయేది. ఆమె తప్పక ఒప్పుకునేవారు. విభూతి పెట్టి, తాడు విప్పుకుని, గడప దాకా కుంటుతూ వచ్చి సాగనంపేవారు. ఎడ్లను అలా పంపలేకపోయినా దీన్నన్నా సరిగ్గా పంపానని ఆమెకు ఉండేది. ఇన్నేళ్లు మోసిన బరువు ఆ గడప దగ్గర దిగేది. దించుకునే వీలు ఒక్కసారే వచ్చింది. నేను శాస్త్రం చెప్పాను.

కొత్తది వచ్చాక మొదటి సోమవారం నేను కనిపెట్టుకుని ఉన్నాను. ఆమె స్నానం చేశారు, లింగపూజ చేసుకున్నారు, తులసికి కుళాయి నీళ్లు పోశారు. ఫ్రిజ్ ముందు నుంచే రెండుసార్లు నడిచారు. చివరికి నేనే అన్నాను.

"అత్తమ్మా, కొంచెంసేపు బంద్ చేద్దామా? మందు కుండల పెడ్త. గంట సేపైతే ఏం గాదు."

"ఎందుకు బిడ్డా? ప్రాణం లేనిది గదా" అన్నారు. ఎత్తిపొడుపు లేదు. పాఠం అప్పజెప్పినట్టు అన్నారు.

ఆమె ఇప్పటికీ భజనకు గోడకు ఆనుకునే కూర్చుంటారు. కళ్లు మూసుకుని వింటారు. ప్రశ్నలు వేయరు. నేను చదవడం ఆపి ఒక్కోసారి కావాలనే ఆగుతాను, ఏదైనా అడుగుతారేమోనని. బాగా చెప్పినవు బిడ్డా అంటారు. అంతే.

మొన్నటి సోమవారం హారతి అయ్యాక అలవాటు కొద్దీ ఒకామె అడిగింది.

"ఏమవ్వా, ఫ్రిజ్జు ఒక్కపొద్దు ఇడిసిందా?"

"దానికి ఒక్కపొద్దు లేదమ్మా. అది గట్టిది, ఇరవై నాలుగు గంటలు తిరుగుతది" అన్నారు మా అత్తగారు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వారు.

వాళ్లు వెళ్లిపోయాక పళ్లెం పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. ఫ్రిజ్ సన్నగా మోగుతోంది. చేయి బటన్ దాకా పోయింది. తలుపు అరలో సీసాలు ఉన్నాయి, ఇంకా వారానికి సరిపడా మందు. చేయి వెనక్కి తీసుకుని, పళ్లెంలో మిగిలిన విభూతిని మూడు వేళ్లకు అద్దుకుని తలుపు మీద రాశాను. నున్నటి రేకు. విభూతి అంటుకోలేదు, పొడిపొడిగా నేల మీద రాలింది.